నది మధ్యలో తరంగిణి

వాన.

హుగ్లీ నది మీద వాన. తడిమట్టి వాసన మంచం దాకా వచ్చింది.

ఖగేంద్రకు గొంతు లేదు. జబ్బు ముందు పాటను తీసుకుంది... తర్వాత మాటను.

గొంతున్న రోజుల్లో పగలంతా ఇంగ్లీషులో నవల రాసేవాడు. సాయంత్రం మేనత్త క్షాంతమణి, వాళ్ళ పిషీమా, బఠాణీలు ఒలుస్తుంటే, పక్కన చేరి ఆ రోజు రాసింది బెంగాలీలో చెప్పేవాడు. తల్లి లేని వాణ్ణి పెంచిన మనిషి ఆవిడ. అక్షరం ముక్క రాదు.

నీలిమందు దొరల మీద తిరగబడ్డ రైతుల కథ అది. దొర మనుషులు వస్తున్నారని పక్క ఊరికి చెప్పడానికి తరంగిణి అనే పిల్ల గాలివానలో పడవెక్కింది —

అక్కడ గొంతు పోయింది.

తరంగిణి నది మధ్యలోనే ఉండిపోయింది.

"ఏమైందిరా ఆ పిల్ల?" ఏడాదిగా ఇదే గోల.

నవల పూర్తిచేసి లండన్‌కు అచ్చుకు పంపాడు. పుస్తకం రానీ, అని సైగ చేసేవాడు.

ఇవాళ లండన్ నుంచి వచ్చింది. నా దేశం అచ్చయి వచ్చింది, అనుకున్నాడు. తమ్ముడు నిబారన్ ఇంగ్లీషు చూసుకుంటూ బెంగాలీలో చెప్పసాగాడు.

"పడవ ఊగింది పిషీమా. ఈ దేశపు ఆడవాళ్ళు చీర అనే ఒకే పొడవాటి గుడ్డ చుట్టుకుంటారు. చెప్పులు తొడగరు. అన్నం చేత్తో తింటారు..."

"ఆగరా. పిల్ల మునిగిపోతుంటే చీర గొడవెందుకు? అది తెలియనిదెవరికి?"

"అక్కడి వాళ్ళకు పిషీమా."

"ఓహో. అయితే ఇది మనకు చెప్తున్న కథ కాదన్నమాట."

ఖగేంద్ర కళ్ళు మూసుకున్నాడు.

ఆ వాక్యాలన్నీ తనవే. దాచాలనుకోలేదు... ఆవిడకు కథ చెప్పేటప్పుడు అవి గుర్తే రాలేదు. ఎవరి దేశం రాశాడు? ఎవరి వాకిట్లో నిలబడి రాశాడు? సిగ్గేసింది. ఏడుపొచ్చింది. కాదని చెబుదామంటే గొంతు లేదు. ఏది కాదనాలో కూడా తెలియలేదు.

నిబారన్ చివరి పేజీ చేరాడు. తరంగిణి చనిపోయింది. దేశం కోసం, అందమైన ఇంగ్లీషులో.

"మూసెయ్ దాన్ని," అంది క్షాంతమణి.

మంచం పట్టె మీద కూర్చుంది.

"నేను చెప్తా వినరా ఖగా. పిల్ల ఒడ్డెక్కింది. పడవవాణ్ణి నాలుగు తిట్టింది. ఊరంతా లేపింది. తెల్లారి ఇంటికొచ్చి, తడిజుట్టుతో వాకిట్లో నిలబడి, ఆకలేస్తోంది పిషీ, అన్నం పెట్టు, అంది."

కళ్ళు తుడుచుకుంది.

ఖగేంద్ర పెదవులు కదిలాయి.

తర్వాత? అని అడిగాడు. తర్వాత?

శబ్దం రాలేదు.

ఆకలేమో అనుకుని ఆవిడ గంజికోసం లేచింది.

బయట వాన... నది మీద, ఇంకా.