సాయిదుర్గ చేతి లైటు

సూరన్న నోట మెప్పు రావడం కష్టం. ఫిషింగ్ హార్బర్‌లో పెద్ద బోటు నడిపే సరంగు అతను. కొత్త వల చూపించినా, కొత్త ఇంజను చూపించినా "సూద్దాం" అనేవాడు. భార్య గంగాలమ్మ ఎంత రుచిగా పులుసు పెట్టినా "తినొచ్చు" అనేవాడు. ఆమె ఆ మాటనే మెప్పు కింద జమకట్టుకుని ఇన్నేళ్లు కాపురం చేసింది.

కూతురు సాయిదుర్గ ఐటీఐ చదివి, ఆటోనగర్‌లో లైట్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరింది. అప్పటిదాకా వేరే కంపెనీల కోసం బల్బులు బిగించిన ఆ సంస్థ, మొదటిసారి తన పేరుతో ఒక చిన్న జేబు లైటు చేసింది. చూపుడువేలంత పొడుగు, సెల్‌ఫోన్ ఛార్జరుతోనే ఛార్జింగు, ఎవరైనా కొనుక్కోగలిగేంత చవక. షాపులకు పంపేముందు పనివాళ్లందరికీ ఒక్కొక్కటి ఇచ్చి, ఇంట్లో వాడించి, మంచీ చెడూ చెప్పమన్నారు.

దుర్గ దాన్ని తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

"నాన్నా, ఇది మా లైను మీద సేసిందే. ఎనక మూత నానే బిగించాను. రోజూ జేబులో ఎట్టుకు తిరుగు. ఎలాగుందో ఉన్నదున్నట్టు సెప్పాల."

సూరన్న దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇంత సిన్నదేటి? దీనికి ఎలుగేటొత్తాది?" అంటూ నొక్కాడు. చీకట్లో ఎదురింటి గోడ మీద ఆరేసిన వల, దాని ముడులతో సహా కనబడింది. లైటును చొక్కా జేబులో వేసుకున్నాడు.

దానితో వెళ్లిన మొదటి వేట నుంచి తిరిగొచ్చేసరికి బోటులో అందరికీ ఆ లైటు సంగతి కంఠతా వచ్చేసింది. ఇంజను కింద బోల్టు బిగించాల్సి వస్తే సూరన్న లైటును పళ్ల మధ్య పట్టుకుని రెండు చేతులతో పని చేశాడు. చిరిగిన వల అల్లేటప్పుడు నిలబెట్టి చుట్టూ వెలుగు చేసుకున్నాడు. ఎవరైనా అటు చూస్తే చాలు, "మా దుర్గ సేసింది" అనేవాడు. వల గురించి, ఇంజను గురించి ఏనాడూ మంచి మాట అనని మనిషి ఇలా మాట్లాడుతుంటే బోటులో పనిచేసే కళాసీలు ఒకరి మొహాలొకరు చూసుకునేవారు.

తెల్లవారుజామున బోటు జెట్టీకి చేరింది. వేలంపాట మొదలవబోతోంది. బుట్టలతో ఆడవాళ్లు, బేరగాళ్లు జెట్టీ మీద మూగారు. చేపలు పైకి అందించడానికి సూరన్న లైటు పట్టుకుని బోటు అడుగున చేపలు దాచే ఐసు గదిలోకి దిగాడు. పక్క బోటు సరంగు దొరబాబు, వరసకు బావ, పైనుంచి తొంగి చూస్తున్నాడు.

"సూడు బావా, ఈ సిన్నదాని ఎలుగు సూడు!" అన్నాడు సూరన్న.

ఆ మాట పూర్తవకుండానే లైటు మినుకుమంది. మళ్లీ వెలిగింది. ఆరిపోయింది. సూరన్న అరచేతి మీద కొట్టాడు, ఊపాడు, నొక్కాడు. ఐసు గది చీకటిగానే ఉండిపోయింది.

"ఏటి బావా, మీ అమ్మాయి సూరీడు అప్పుడే గూట్లోకెలిపోనాడా?" అన్నాడు దొరబాబు.

జెట్టీ అంతా ఘొల్లుమంది. దొరబాబే తన లైటు కిందికి అందించాడు. దాని వెలుగులో చేపలన్నీ పైకి చేర్చేదాకా సూరన్న తల ఎత్తలేదు. నవ్వింది తనను చూసి కాదు, కూతుర్ని చూసి అన్నట్టు అనిపించింది అతనికి.

సాయంత్రం దుర్గ డ్యూటీ నుంచి వస్తూనే అడిగింది. "ఎలాగుంది నాన్నా లైటు?"

"బాగుంది" అన్నాడు సూరన్న.

గంగాలమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. దుర్గ మొహం విప్పారింది. "రేపే రోజలిన్ మేడంకి సెప్పేత్తాను. అందరూ బాగుందంతన్నారట. ఇంక షాపులకి పంపించేత్తారు."

రోజలిన్ వాళ్ల లైనుకు సూపర్‌వైజరు. ఆ పేరు ఇంట్లో రోజూ వినబడేదే.

సూరన్న కంచం ముందు కూర్చున్నాడు గానీ కలిపిన ముద్ద నోట పెట్టుకోలేదు. తన కూతురి లైటు అని తాముండే జాలారిపేటలో ఇంటికొకటి కొంటారు. ఎవడో కుర్రాడు ఇంజను పక్కన చెయ్యి పెట్టిన క్షణంలో అది ఆరిపోతే? చెయ్యి కడిగేసుకున్నాడు.

"అమ్మా దుర్గా, ఇలా రా. నాను అబద్ధమాడీసినాను. అది ఆరిపోయింది. అందరి ముందూ ఆరిపోయింది."

దుర్గ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎనక మూత బిగించింది నానే కదా" అంది మెల్లగా. తర్వాత కళ్లు తుడుచుకుని లైటు తీసుకుని నేల మీద కూర్చుంది. మూత విప్పింది. లోపల ఉప్పునీటి చుక్కలు. స్ప్రింగు మీద ఆకుపచ్చ చిలుము. మూత అంచు వెంట గోరుతో తడిమి చూసింది, మళ్లీ తడిమింది.

"నాన్నా, నాను గట్టిగానే బిగించాను. కానీ నీల్లు ఆపడానికి ఇక్కడ రబ్బరు రింగు ఉండాల. రింగెట్టడానికి గాడే లేదు. ఎంత బిగించినా ఉప్పునీరు దూరిపోద్ది."

ఆ చిన్న మూతను పట్టుకున్న కూతురి వేళ్లను సూరన్న చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు ఆమె మాట విన్న రోజలిన్, పెట్టెలోంచి కొత్త లైట్లు కొన్ని తీసి ఉప్పు కలిపిన నీళ్లలో వేయించింది. కొన్ని అప్పుడే ఆరిపోయాయి. మిగతావి మధ్యాహ్నానికి ఆరాయి. ఆమె నేరుగా యజమాని శివరామకృష్ణను పిలుచుకొచ్చింది.

"వంటింట్లోకీ, బండి తాళం వెతుక్కోవడానికీ పనికొచ్చే లైటమ్మా ఇది. సముద్రం మీద వాడమని మనం చెప్పలేదుగా" అన్నాడాయన.

దుర్గ ముందుకొచ్చి చెప్పింది. "సార్, రోజూ వాడుకునేదే అన్నారు కదా. మా అమ్మ సేపలు కడిగిన సేత్తోనే లైటు ముట్టుకుంటాది. వానలో బండి మీద ఎల్లినోల్ల జేబు తడుస్తాది. ఈ ఊర్లో ఉప్పు తగలకుండా ఏ వస్తువుంటాది సార్? మన పేరుతో ఎల్లే మొదటి లైటు. ఆరిపోయిందని ఎవరూ నవ్వకూడదు."

ఆయన చచ్చిన లైటును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "పంపడం ఆపండి. మూత మార్పిద్దాం" అన్నాడు.

మూత కొత్తగా పోత పోయించారు. గాడి వచ్చింది, రింగు వచ్చింది. ప్రతి పెట్టెలోంచీ కొన్ని లైట్లు తీసి నీళ్లలో వేసి చూడాలని నిర్ణయించి, ఆ పని దుర్గకు అప్పజెప్పారు. ఉప్పు కలిపిన నీళ్లు కాదు, అసలు సముద్రపు నీళ్లే కావాలంది ఆమె.

సూరన్న వేటకు వెళ్లని రోజు చూసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పెద్ద డబ్బా నిండా నీళ్లు పట్టుకుని ఆటోలో కంపెనీకి వెళ్లాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"ఏటిది?"

"సముద్రం బాబూ. మా అమ్మాయికి కావాలంట."

రోజలిన్ నవ్వుతూ లోపలికి తీసుకెళ్లింది. నీలం కోటు వేసుకుని, జుట్టు ముడిచి, దుర్గ బల్ల ముందు నిలబడి ఉంది. ఆ నీళ్లు పెద్ద గాజు తొట్టెలో పోసి, లైట్లు ఒక్కొక్కటే వెలిగించి వదిలింది. అవి అడుగుకు జారి, అక్కడ పడి వెలుగుతూనే ఉన్నాయి. ఒకటి మినుకుమంటే చటుక్కున తీసి పక్కన పెట్టి, "ఈ పెట్టె మొత్తం మల్లీ సూడాల" అంది. పక్కనున్నవాళ్లు వెంటనే పెట్టె విప్పారు. సూరన్న ఖాళీ డబ్బా పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

కొత్త లైట్లు షాపులకు చేరాయి. తర్వాతి వేటకు సూరన్న అందులో ఒకటి తీసుకెళ్లాడు. ఈసారి ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. తిరిగొచ్చాక జెట్టీ మీద దొరబాబే కదిపాడు.

"ఏటి బావా, ఇది ఎన్నాల్లుంటాది?"

సూరన్న చేపల ఐసు కరిగిన నీళ్ల బకెట్లో దాన్ని వెలిగించి పడేశాడు. వేలం ముగిసేదాకా అక్కడే వదిలేశాడు. అది వెలుగుతూనే ఉంది. అప్పుడు తీసి, లుంగీకి తుడిచి, అందరికీ వినబడేలా చెప్పాడు.

"దూరం పెద్దగా కొట్టదు, ముందే సెప్తన్నాను. ఒడ్డు ఎతకడానికి పనికిరాదు. రోజూ ఛార్జింగెట్టాల. కానీ తడిసినా ఆరదు. జేబులో బరువుండదు. పల్లతో పట్టుకుంటే రెండు సేతులూ ఖాలీ. సేప మొప్పల రంగు ఉన్నదున్నట్టు కనబడతాది. ఇన్నాల్లలో నా జేబులో ఎట్టుకున్న లైట్లలో ఇంత మంచిది లేదు. మా దుర్గ సేసింది."

ఎవరూ నవ్వలేదు. ఒక బుట్టావిడ ముందుకొచ్చి లైటు తీసుకుని, తాను కొన్న వంజరం చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూసుకుంది. అది చేతులు మారుతూ జెట్టీ చివరిదాకా వెళ్లింది.

"నాకోటి తెప్పించు బావా" అన్నాడు దొరబాబు.

"షాపుకెల్లి కొనుక్కో" అన్నాడు సూరన్న. "కొని రోజూ వాడు. ఏటన్నా తేడా వొత్తే నాతో కాదు, మా అమ్మాయితో సెప్పు. ఆలకిస్తాది."