ఎదురుచూసేవాళ్ళ వరస

నాలుగో అంతస్తులో లిఫ్టు ఆగింది. స్ట్రెచర్ ముందు చక్రాలు సందులో ఇరుక్కోకుండా బొంగరం మోకాలితో ఓ తోపు తోసి బయటికి తెచ్చాడు. స్ట్రెచర్ మీద, కాలికి కట్టుతో పడుకున్న మనిషి కళ్ళు తెరిచాడు.

"ఏంటి బాబూ, ఏదో గొణుగుతున్నావు? మంత్రమా?"

"కాదండీ. తప్పు వెతుకుతున్నా."

"ఎవరి తప్పు?"

"నాదే. ఎక్కడుందో తెలియట్లేదు."

ఆ మనిషి స్ట్రెచర్ అంచుల్ని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

బొంగరం అతని అసలు పేరు కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఆసుపత్రిలో రోగుల్ని వార్డు నుంచి ఎక్స్‌రేకి, ఎక్స్‌రే నుంచి ఆపరేషన్ గదికి, అక్కణ్ణుంచి మళ్ళీ వార్డుకి తోస్తూ తిరిగితే వచ్చిన పేరు. యాభై ఒకటో ఏడు నడుస్తోంది. సన్నటి మనిషి. స్ట్రెచర్ని మలుపు తిప్పీ తిప్పీ ఎడమ భుజం ఓ అంగుళం కిందికి జారిపోయింది. అరచేతుల్లో బొటనవేళ్ళ మొదట రెండు కాయలు, తడిమితే బొత్తాల్లా తగులుతాయి.

కూర్చోవడం అతనికి చేతకాదు. టీ నిలబడి తాగుతాడు. భోజనం వంటింటి గుమ్మానికి ఆనుకుని కానిస్తాడు. పెళ్ళి ఫోటోలో అందరూ స్పష్టంగా ఉంటే అతని కుడిచెయ్యి మాత్రం మసకగా పడింది. "ఆ ఒక్క క్షణం కూడా ఆగలేకపోయారు మహానుభావులు," అని భార్య ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఆ ఫోటో చూపించి నవ్వుతుంది. ఆమె బడిపిల్లల బట్టలు కుట్టే దుకాణంలో పనిచేస్తుంది, పొద్దుటినుంచి సాయంత్రం దాకా మిషను ముందే కూర్చుని. ఇద్దరికీ పంచాల్సిన కుదురంతా దేవుడు ఆమె ఒక్కదానికే పోసేశాడని బొంగరం అంటాడు.

అలాంటివాడు ఎనిమిది నెలలుగా కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాడు.

దానికి కారణం ఎవరికీ చెప్పలేదు, ఒక్కరికి తప్ప. మూడేళ్ళ కింద ఒక ముసలాయనకి ఎక్స్‌రే తీశారు. వెనక్కి తీసుకెళ్ళమని బొంగరానికి కబురొచ్చింది. వెళ్తుంటే దారిలో ఆపరేషన్ గదినుంచి అర్జెంటు పిలుపు. ఆ తర్వాత మరొకటి, ఆపైన ఇంకొకటి. ముసలాయన సంగతి బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది. గుర్తొచ్చి పరిగెత్తేసరికి మూడు గంటల పది నిమిషాలు గడిచాయి. ఎక్స్‌రే గది వెనక స్తంభం పక్కన, పల్చటి దుప్పటి కింద మోకాళ్ళు ముడుచుకుని ఆయన అలాగే ఉన్నాడు. ఎవరినీ పిలవలేదు. తడిసిన పక్కబట్ట కనపడకుండా చేత్తో కప్పుకున్నాడు. బొంగరాన్ని చూసి, "వచ్చావా నాయనా, నీ పనులన్నీ అయ్యాయా?" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగాడు.

తిట్టి ఉంటే ఆ వారంలో మర్చిపోయేవాడు. ఆ మాట మాత్రం అరికాల్లో దిగిన ముల్లులా లోపలే ఉండిపోయింది. అప్పణ్ణుంచి జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, ఎవరు ఎక్కడ ఎన్నింటినుంచి ఎదురుచూస్తున్నారో రాసుకోవడం మొదలుపెట్టాడు. కొట్టివేతలూ, బాణాలూ, చెమటకి అలుక్కుపోయిన అంకెలూ. తన రాత తనకే అర్థమయ్యేది కాదు.

ఆ పుస్తకాన్ని చూసి పట్టేసుకున్నదీ, ముసలాయన సంగతి విన్న ఆ ఒక్కరూ వానల మేడమే. మూత్రపిండాలు పనిచేయక, వారానికి మూడు రోజులు రక్తం శుభ్రం చేయించుకోవడానికి రెండో అంతస్తులోని డయాలసిస్ గదికి వస్తుంది. యంత్రం పక్కన నాలుగేసి గంటలు కదలకుండా పడుకోవాలి. మంగళవారం, గురువారం, శనివారం. డెబ్బై దాటాయి. వాతావరణ కార్యాలయంలో ముప్ఫై ఏళ్ళు వానల లెక్కలకి ప్రోగ్రాములు రాసి రిటైరైంది కాబట్టి నర్సులు ఆ పేరు పెట్టారు. కత్తిరించిన తెల్లజుట్టు, తీగలా బక్కపల్చటి చేతులు, ఎదుటివాడి తప్పు పట్టుకున్నప్పుడు మెరిసే కళ్ళు.

"ఇది నీ బుర్ర చేసే పని కాదయ్యా. యంత్రానికప్పగించు," అంది.

"నాకు పదో తరగతి ఇంగ్లీషే పోయిందమ్మా."

"దానికి పదో తరగతి కూడా లేదు. మీ ఇద్దరికీ బాగా కుదురుతుంది."

అలా మొదలైంది. అతని ఫోన్లోనే రాయించేది. పక్కన స్టూలు ఉన్నా బొంగరం నిలబడే నేర్చుకున్నాడు, అదీ రెండు పిలుపుల మధ్య దొరికిన నాలుగైదు నిమిషాల్లో. వేరియబుల్ అంటే ఏమిటో మొదటి వారమంతా బోధపడలేదు. చివరికి ఆమె విసిగిపోయి, "నీ స్ట్రెచర్‌కి నంబరుందా?" అంది. "ఆరు." "ఆరు మీద పొద్దున ఒకడు, మధ్యాహ్నం ఇంకొకడు. మనిషి మారినా స్ట్రెచర్ ఆరే కదా? అదే వేరియబుల్." ఆ రోజు బొంగరం మెట్లన్నీ రెండేసి చొప్పున ఎక్కాడు.

ఎనిమిది నెలలకి ముప్ఫై నాలుగు వరసల ప్రోగ్రాం తయారైంది. రోగి ఉన్న చోటు, ఎన్ని నిమిషాలుగా ఎదురుచూస్తున్నారో కొడితే, ఎక్కువసేపు ఎదురుచూసినవాళ్ళని పైకి తెచ్చి వరసగా చూపించాలి. చూపించింది కూడా. శనివారం దాకా బాగానే ఉంది. శనివారం వంద నిమిషాలుగా ఎదురుచూస్తున్న ఒకావిడ వరసలో అట్టడుగున పడింది. తొంభై అయిదు పైన, దాని కింద నలభై, ఇరవై, అన్నిటికన్నా కింద వంద. అదేమిటో బొంగరానికి అర్థం కాలేదు. ముసలాయన్ని మళ్ళీ స్తంభం వెనక వదిలేసినట్టే అనిపించింది.

ఆదివారమూ సోమవారమూ అదే ధ్యాస. ఇవాళ మంగళవారం. పొద్దున తొమ్మిదింటికి వానల మేడమ్‌ని ఆమె తమ్ముడి కారు దగ్గర్నుంచి చక్రాల కుర్చీలో తీసుకొస్తుంటే ఆపుకోలేకపోయాడు.

"మీకు తెలుసు కదమ్మా. చెప్పేస్తే ఓ పనైపోతుంది."

"తెలుసు. చెప్పను."

"మనుషుల సంగతమ్మా ఇది."

"అందుకే చెప్పను. రేపు ఇంకో తప్పొస్తే ఎవర్నడుగుతావు?" ఒడిలో చేతిసంచి సర్దుకుని, "ఇవాళే కనుక్కో. మధ్యాహ్నంలోపు," అంది.

ఎప్పుడూ గడువు పెట్టని మనిషి. బొంగరానికి కాస్త కోపమొచ్చింది. డయాలసిస్ గది గుమ్మం దగ్గర ఆమెని సిస్టరుకి అప్పగించి చరచరా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కాలు నిలవలేదు. కట్టుకాలు మనిషి, గుండె వార్డులో ఇద్దరు, ప్రసవం గదికి ఒక పిల్ల. ఆ పిల్ల నొప్పుల్లోనే, "త్వరగా బాబాయ్, త్వరగా," అంటుంటే లిఫ్టు కోసం ఆగకుండా వాలుదారిన స్ట్రెచర్ని పరుగు పెట్టించాడు. మధ్యలో దొరికిన ప్రతి గోడకీ ఆనుకుని ఫోను తీశాడు. గుర్తులన్నీ సరిచూశాడు. బ్రాకెట్లు లెక్కపెట్టాడు. ఒక వరస చెరిపాడు, భయపడి మళ్ళీ రాశాడు. తాగుదామని తీసుకున్న టీ కిటికీ గూట్లో చల్లారిపోయింది. పన్నెండింటికి భార్య ఫోన్ చేసి తిన్నారా అంటే, "వంద ఎందుకు కిందికి పోయిందో అర్థం కావట్లేదు," అన్నాడు. "ముందు మీ కడుపులోకి ఏదైనా పోనివ్వండి," అని పెట్టేసింది.

ఒంటిగంటకి ఖాళీ స్ట్రెచర్‌తో లిఫ్టులో ఒక్కడే ఉన్నాడు. ఇక ఏమీ తోచక, అందరూ కలిసి మొత్తం ఎంతసేపు ఎదురుచూశారో కూడమని ప్రోగ్రాంని అడిగాడు. ఇరవై కొట్టాడు. ముప్ఫై కొట్టాడు. తెర మీద జవాబొచ్చింది: రెండువేల ముప్ఫై.

బొంగరం దానికేసి నోరు తెరుచుకుని చూశాడు. కూడలేదు. ఇరవై పక్కన ముప్ఫైని అంటించింది, అంతే. అక్షరం పక్కన అక్షరం అంటించినట్టు.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి నెలలో ఎప్పుడో ఆమె అంది: నువ్వు వేలితో కొట్టేదేదైనా సరే, అంకె అని చెప్పేదాకా దానికి అక్షరమే. అక్షరాలుగా చూస్తే వంద ఒకటితో మొదలవుతుంది. ఒకటి రెండుకంటే చిన్నది, తొమ్మిదికంటే మరీ చిన్నది. మనిషి వంద నిమిషాలు ఎదురుచూసినా, వెయ్యి నిమిషాలు ఎదురుచూసినా, దానికి కనిపించేది ముందున్న ఆ ఒక్క ఒకటే.

లిఫ్టు తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి. దిగలేదు. ఇది అంకె అని చెప్పే చిన్న మాట ఒక్కటి చేర్చాడు. వంద పైకెక్కింది. ఖాళీ లిఫ్టులో బొంగరం స్ట్రెచర్ని అరచేత్తో ఫెళ్ళున చరిచాడు.

డయాలసిస్ గదికి వెళ్ళేసరికి ఆమె మంచం ఖాళీగా ఉంది. పక్కబట్ట పొద్దున పరిచిందే, నలగలేదు. వానల మేడమ్ కిటికీ పక్కన చక్రాల కుర్చీలోనే ఉంది, ఒడిలో చేతిసంచితో. చేతికి గొట్టాలు లేవు. బల్ల దగ్గర ఆమె తమ్ముడు ఏవో కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. సిస్టరు బొంగరం వైపు చూడకుండా మందుల డబ్బాలు సర్దుతోంది.

"దొరికిందమ్మా!"

"చూపించు."

ఫోను అందుకుని ఆమే కొట్టింది. తొంభై అయిదు, వంద, ఎనిమిది, నూట తొంభై. వరస సరిగ్గా వచ్చింది. కళ్ళు మెరిశాయి. "ఇద్దరిదీ ఒకే సమయమైతే పైన ఎవరు?"

"ముందు పిలిచినవాళ్ళు."

"ఆ సంగతి దానికి చెప్పావా?"

నాలుక కరుచుకున్నాడు. "చెప్తానమ్మా. గురువారం మీకు చూపిస్తా."

"గురువారం నేను రాను."

"శనివారమైతే?"

"శనివారమూ రానయ్యా."

ఇరవై ఆరేళ్ళలో బొంగరం ఈ గదికి చాలామందిని తీసుకొచ్చాడు. ఈ యంత్రం వద్దనుకున్నవాళ్ళకి ఎన్ని రోజులు మిగులుతాయో డాక్టర్లతో సమానంగా తెలుసు. పది రోజులు. మహా అయితే రెండు వారాలు. నిలుచున్న చోటే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నాడు.

"ఎందుకమ్మా? బాగానే ఉన్నారుగా. ఇంకొన్నాళ్ళు..."

"నాలుగేళ్ళు పడుకున్నాను. నీలాంటివాడికి చెప్తే తెలుస్తుందనుకున్నా, పడుకోవడమంటే ఏమిటో." గొంతులో చిరాకూ లేదు, జాలీ లేదు. "ఇంట్లో నా కుర్చీ ఉంది. వాన మొదలయ్యేలా ఉంది. చూస్తూ కూర్చుంటాను. పద, కిందికి దించు."

దగ్గరి లిఫ్టు వదిలేసి, ఆ చివరిదాకా తీసుకెళ్ళి వాలుదారిన దించాడు. జీవితంలో మొదటిసారి మెల్లగా తోశాడు. సగం దారిలో ఆమె తల తిప్పింది.

"దారి తప్పావా?"

"లిఫ్టు ఖాళీ లేదమ్మా."

ఆమె నవ్వింది. కారు దగ్గర చంకల కింద చేతులు వేసి లేపితే, తడి ఆరిన దుప్పటంత బరువే ఉంది. సీట్లో సర్దుకున్నాక అంది:

"ప్రోగ్రాంకి పేరేం పెట్టావు?"

"ఇంకా పెట్టలేదు."

"పెట్టు. పేరు పెట్టి దాచుకోకపోతే రేపు వెతికినా దొరకదు."

ఇంకా ఏదో చెప్పాలని బొంగరం వంగాడు. తమ్ముడు తలుపు వేశాడు. కారు గేటు దాటి, మలుపు తిరిగి, బస్సు వెనక్కి వెళ్ళి కనపడకుండా పోయింది.

ఫోను మోగింది. ఎక్స్‌రే దగ్గర ఒకరు, కళ్ళ వార్డులో ఇంకొకరు. నిలబడే రెండూ కొట్టాడు. వరస కదిలి సర్దుకుంది. పైన ఎక్స్‌రే, డెబ్బై నిమిషాలు. "ఇదిగో వస్తున్నా, ఆయనకి చెప్పండి, మర్చిపోలేదని చెప్పండి," అంటూ కుర్చీ వెనక్కి తిప్పబోయాడు. ఏదో అడ్డుపడి చక్రం ఆగింది. వంగి చూశాడు.

పాదం ఆనించే రేకు మీదనుంచి సగం కిందికి జారి, బూడిదరంగు ఉన్ని మేజోడు ఒకటి ఉంది. మడమ దగ్గర ఎర్రదారంతో రఫ్ఫు చేసి ఉంది, వేళ్ళ వైపు ఇంకా పాదం లోపల ఉన్నట్టే ఉబ్బెత్తుగా ఉంది.