సైకిలెక్కిన మినీబస్సు డ్రైవరు

సలీమా పట్టణానికి వెళ్లే తారురోడ్డు మీద ఇది రోజూ జరిగేదే. వెనక మినీబస్సు 'పాం' అంటుంది. ముందున్న సైకిలు టాక్సీలన్నీ, ఎక్కించుకున్న మనుషులతో సహా, పక్కనున్న మట్టిలోకి దూకేస్తాయి. తారు అంచుకీ మట్టికీ మధ్య జానెడు గుంట. చాలామంది నిలదొక్కుకుంటారు, కొందరు పడతారు. పడ్డవాణ్ణి చూసి నలుగురూ నవ్వుతారు. మనం దీన్ని అలవాటు అనుకుంటాం. నిజానికి ఇది ఊరికి పట్టిన జబ్బు.

సైకిలు టాక్సీ తొక్కే కోండ్వానికి ఆ రోజు అంతకంటే పెద్ద గండం వచ్చిపడింది. సైకిళ్లను తారురోడ్డు ఎక్కనివ్వొద్దని మినీబస్సు డ్రైవర్లు పట్టణ సభకు అర్జీ పెట్టుకున్నారు. ఆ పూటే విచారణ. సభ ఒప్పుకుందంటే వాడింట్లో పొయ్యి వెలగదు.

అర్జీ పెట్టించిన డ్రైవర్ల పెద్ద జైలోసి. ఊరంతా పెట్రోలు కరువు. అతని బండిలో చుక్క లేదు, తిరిగే ఒకటీ అరా బస్సులు కిక్కిరిసి ఆగకుండా పోతున్నాయి. చెమటలు కక్కుతూ వచ్చి కోండ్వాని ముందు నిలబడ్డాడు.

"తమ్ముడూ, సభ దగ్గర దింపుతావా?"

తోటి సైకిలు వాళ్లు గోల పెట్టారు. "మన గొయ్యి మనమే తవ్వుకోవాలా? ఎక్కించుకోకురా!"

కోండ్వాని ఒక్క క్షణం ఆలోచించాడు. "గిరాకీ గిరాకీయే. ఎక్కన్నా, కాళ్లు మాత్రం చువ్వల్లో పెట్టకు."

జైలోసి భారీ మనిషి. అతని బరువుకు సైకిలు మూలిగింది. కాస్త దూరం పోయారో లేదో, వెనకనుంచి 'పాం'!

"పక్కకి తియ్యరా బాబూ!" అని కేక పెట్టాడు జైలోసి.

"ఎక్కడికి తియ్యనన్నా? పక్కన గుంట!"

మినీబస్సు మోచేతికి తగిలినంత పని చేసి దూసుకుపోయింది. సైకిలు గుంటలోకి జారింది, ఇద్దరూ దబ్బున పడ్డారు. దెబ్బలేం తగల్లేదు. జైలోసి లేచి, పోతున్న బస్సు మీదికి పిడికిలి ఊపాడు.

"కళ్లు నెత్తికెక్కాయిరా నీకు! మేం మనుషులం కామా?"

కోండ్వాని పొట్ట పట్టుకుని నవ్వాడు. "అన్నా, అది మీవాళ్ల బండే! రోజూ నిన్ను మేం తిట్టే తిట్టు కూడా అదే!"

జైలోసికి కోపం రాబోయి నవ్వొచ్చింది. తర్వాత మెల్లగా అడిగాడు. "మేం అంత దగ్గరగా వస్తామా?"

"నువ్వయితే ఇంకా దగ్గరగా వస్తావు."

ఒళ్లంతా దుమ్ముతో, కోండ్వాని వెంట సభలోకి వచ్చిన జైలోసిని చూసి అధ్యక్షురాలు నాచిసాలే, "ఏం నాయనా, పొలం దున్ని వస్తున్నావా?" అంది.

"అర్జీ వెనక్కి తీసుకుంటున్నానమ్మా. ఆ గుంటలు పూడ్పించండి, సైకిళ్లకు వేరే దారి వేయించండి. వాళ్లూ రాత్రిపూట దీపం లేకుండా తిరుగుతారు, వాళ్లకూ నాలుగు ముక్కలు నేర్పించండి. మా డ్రైవర్లను మాత్రం ముందు ఆ సైకిలు వెనక కూర్చోబెట్టండి. కూర్చోనన్న వాడికి బండి ఇవ్వొద్దు!"

సభ నవ్వులతో దద్దరిల్లింది. కోండ్వాని ఆనందంతో కళ్లు తుడుచుకున్నాడు. నాచిసాలే అవన్నీ ఒక్కొక్కటే ఖాయం చేయించి లేచి నిలబడింది.

"తారురోడ్డు ఎవడబ్బ సొత్తూ కాదు. రోడ్డు వేసేవాడు సైకిలుకు చోటు వదలాలి, బండి తోలేవాడు ఎడం ఇవ్వాలి, ఇవ్వనివాణ్ణి చట్టం నిలదియ్యాలి. బయల్దేరిన ప్రతివాడూ ఇంటికి చేరితేనే అది రోడ్డు."