పత్తి తొక్కే మాట

"మోకాళ్ల సంగతి మర్చిపోండి. బోరా సంచిలో పత్తి తొక్కినట్టు నేలను తొక్కి లేవండి," అని ఎవరికో చెబుతూనే జక్రయ్య ఓరకంట చూశాడు. పక్క వరసలో కోటేశ్వరి ఫోన్‌లో టకటకా ఏదో కొట్టుకుంటోంది. చేరి పది రోజులే. అతను నోరు విప్పితే చాలు, ఫోన్ తీస్తుంది.

జక్రయ్యకు యాభై దాటాయి. మిర్చి యార్డులో ఇరవై ఏళ్లు టిక్కీ బస్తాలు మోసిన మెడ భుజాల్లోకి దిగబడి ఉంటుంది. సత్తెనపల్లిలోని ఈ జిమ్‌లో మొదట నేల తుడవడానికి చేరాడు. బరువెలా ఎత్తాలో తన మాటల్లో చెబితే జనానికి ఇట్టే ఒంటబట్టింది, మాస్టారయ్యాడు. సర్టిఫికెట్ లేదు. ఉన్న ఆస్తల్లా ఆ మాటలే. వాటిని రాయించుకుని తనను సాగనంపడానికి ఓనరు త్రినాథే ఈవిణ్ణి పెట్టాడని అతని అనుమానం. అనుమానమేంటి, నమ్మకమే.

అందుకే ఆమె వంతు రాగానే గోడమీది పోస్టరు చూసి, "చెస్ట్ అప్, కోర్ టైట్" అన్నాడు.

కోటేశ్వరి తడబడి బెంచీ మీద కూలబడింది. "మాస్టారూ, ఆ పత్తి మాట చెప్పండి."

"ఎవరికి చేరవెయ్యడానికి?"

ఆమె మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. దొంగ దొరికిందని రోజంతా లోలోపల మురిసిపోయాడు, పిచ్చి మారాజు.

సాయంత్రం ఆమె వాళ్లమ్మ వెంకటరావమ్మను ఆటోలో తీసుకొచ్చింది. ఎత్తుగా ఉండాలని కుర్చీలో దుప్పటి మడిచి వేసి కూర్చోబెట్టింది. "తుంటి ఆపరేషనయ్యాక లేవలేకపోతోందండి. మీ మాటలు ఫోన్‌లో రాసుకుని ఇంటికెళ్లి చెబుతుంటే కాస్త కాస్త లేస్తోంది. ఇవాళ మీ నోటే వింటానంది."

సిగ్గుతో జక్రయ్య చెవులు వేడెక్కాయి. పగుళ్లుబారిన ముసలామె పాదాలు చూశాడు. ఎన్ని బోరాలు తొక్కాయో!

"పెద్దమ్మా, బోరా సగమే నిండింది. తొక్కు."

ముసలామె తొక్కింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది. "ఈ ముక్క పొద్దున్నే చెప్పొద్దూ అయ్యా, ఇంత దూరం తిప్పావు!" అని నవ్వుతూ, కూతురు పక్కన నడిచి వెళ్లి ఆటో ఎక్కింది.

కౌంటరు దగ్గర త్రినాథ్ తల ఎత్తకుండానే అన్నాడు. "జక్రయ్య గారూ, సోమవారం నుంచి సర్టిఫికెట్ ఉన్న అతను వస్తున్నాడండి. ఇక మీరు రానక్కర్లేదు."

"నా మాటలన్నీ అతనికి అందాయా?"

త్రినాథ్ ఇప్పుడు తలెత్తాడు. నిజంగానే తెలియక అడిగాడు.

"ఏం మాటలండీ?"

జక్రయ్య చెప్పులేసుకుని మెట్లు దిగాడు. లోపల కుర్చీ మీద దుప్పటి ఉండిపోయింది, ముసలామె కూర్చున్న మేర ఇంకా గుంతపడి.