చూడకుండా వేసిన గీత

కృపావరం కాకినాడ రేవులో ముప్పై ఏళ్లు బస్తాకో గీత గీసి లెక్క రాసే టాలీ గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. బస్తా కూలీ వీపు మీద నుంచి, ఓడకి సరుకు చేరవేసే బార్జీలోకి దిగడం కళ్లారా చూస్తేనే పుస్తకంలో ఆయన గీత పడేది. మేస్త్రీ చెప్పాడనో, ఓడ ఏజెంటు కసిరాడనో ఒక్క గీతైనా వేసిన మనిషి కాదు. ఆ మొండితనానికి రేవులో ఆయనకి పెట్టిన పేర్లు ఇక్కడ రాయదగ్గవి కావు.

ఆరు నెలలుండి పోదామని అమెరికాలో, ఆష్‌బర్న్‌లో కూతురు పర్సిస్ ఇంటికి వచ్చాడు. పర్సిస్ ఓ కన్సల్టింగ్ కంపెనీలో పని చేస్తుంది. పసిఫిక్ సముద్రంలో ఓ చిన్న ద్వీపదేశం ఉంది; మ్యాపు మీద ఈగ వాలితే కనబడదు. ఆ దేశం ముప్పై ఏళ్లుగా ఏ సరుకు ఎక్కడి నుంచి తెచ్చుకుంటోందో, అందులో మనలాంటి వర్ధమాన దేశాల వాటా ఎంతో తేల్చి ఏటేటా రిపోర్టు రాయడం ఆమె పని.

ఓ రోజు టీ కప్పుతో వెనక నిలబడ్డ కృపావరం ఆమె స్క్రీన్ మీద ఆ దేశం పేరు చూసి ఆగిపోయాడు. తొంభై ఎనిమిదిలో ఇండియా బియ్యం దగ్గర సున్నా ఉంది. ఆ ఏడు అదే పేరు నీలం సిరాతో అచ్చుగుద్దిన బస్తాలు వేలకి వేలు ఆయన కళ్ల ముందే బార్జీలెక్కాయి. అవి సింగపూర్‌లో ఓడ మారేవి. అందుకని ద్వీపంవాళ్లు కాగితం మీద సింగపూర్ అనే రాసుకున్నారు. అలా కాకినాడ కూలీలు మోసిన బియ్యమంతా ధనిక దేశం సరుకైపోయింది.

పర్సిస్ ముచ్చటపడింది. తండ్రి చెప్పిన ఓడల పేర్లు, ఏళ్లు మూడు రోజులు కూర్చుని రాసుకుంది. ఈసారి రిపోర్టులో ఇది పెడతానంది. దాంతో ముసలాయన నడకే మారిపోయింది. పెట్టావా, పెట్టావా అని రోజూ అడిగేవాడు. చూస్తా, చూస్తా అని రెండు వారాలు దాటేసి, ఓ శనివారం ఫోన్‌లోంచి తలెత్తకుండా, "పెట్టేశాను డాడీ" అంది.

మర్నాడు స్కూల్ హాలులో జరిగే తెలుగు చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయానికి ఆయన లేచి నిలబడ్డాడు. దేవుడు కాకినాడ కూలీల కష్టం మర్చిపోలేదని, నా బిడ్డ చేత అమెరికాలో రాయించాడని చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. హాలంతా స్తోత్రం అంది. పర్సిస్ తల వంచుకుని కూర్చుంది. అది వినయమనుకున్నాడు పిచ్చి తండ్రి.

నెల తిరిగేసరికి రిపోర్టు బయటికొచ్చింది. చర్చి పెద్ద సైలస్ మంచివాడే, కాకపోతే ఆ మంచితనం కాస్త ఎక్కువ. ఆరాధనయ్యాక భోజనాల దగ్గర లాప్‌టాప్ తెరిచి, అంకుల్ సాక్ష్యం అందరం చూద్దామన్నాడు. ప్లేట్లు పట్టుకుని పదిమంది మూగారు. తొంభై ఎనిమిది, ఇండియా, బియ్యం: సున్నా. సైలస్ ముందు పేజీలు, వెనక పేజీలు, అడుగున చిన్నక్షరాలు కూడా వెతికాడు. కాకినాడ ఊసే లేదు. "ఇంకో ఫైల్‌లో పెట్టుంటారు అంకుల్" అని మెల్లగా లాప్‌టాప్ మూసేశాడు. కృపావరం కూతురి వైపు చూశాడు. ఆమె పక్క టేబుల్ దగ్గర పెరుగన్నం వడ్డిస్తోంది.

కార్లో గానీ ఆమె నోరు విప్పలేదు. ఆ లెక్క మారిస్తే పాత రిపోర్టులన్నీ తప్పని ఒప్పుకోవాల్సొస్తుందని మేనేజర్ వద్దన్నాడట. ఆమె గ్రీన్ కార్డ్ ఫైలింగ్ ఆ మేనేజర్ చేతిలోనే ఉందట. ఇదంతా ఆయనకి అర్థమైంది. పైవాళ్లకి భయపడేవాళ్లని రేవులో ఎంతమందిని చూడలేదు.

"కుదర్లేదు డాడీ అంటే సరిపోయేది కదమ్మా. పెట్టేశానని ఎందుకు చెప్పావు?"

"రోజూ అడుగుతుంటే టెన్షన్‌లో అనేశాను డాడీ. మీరెళ్లి చర్చిలో చెప్తారనుకోలేదు."

ఆ మాటతో ఆయన ప్రాణం చివుక్కుమంది. సింగపూర్ సంగతీ, మేనేజర్ సంగతీ మర్చిపోవచ్చు. వాళ్లెవరో పరాయివాళ్లు. తన నోరు మూయించడానికి కన్నకూతురే అబద్ధం చెప్పింది, తను గుడ్డిగా నమ్మాడు. వారమంతా లోలోపల కుమిలిపోయాడు.

ఆదివారం సాక్ష్యాల సమయానికి మళ్లీ లేవబోయాడు. పర్సిస్ ఆయన మోచెయ్యి పట్టుకుంది. నా పేరు చెప్పొద్దు డాడీ అని గొణిగింది. ఆయన ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని నిలబడ్డాడు.

"వందనాలండి. నెల కిందట నేనిక్కడ చెప్పింది నిజం కాదండి. ముప్పై ఏళ్లలో బస్తా చూడకుండా గీత వెయ్యలేదు. మొన్నొకటి వేశాను, అదీ దేవుడి పేరు చెప్పి. నా కోసం ప్రార్థన చెయ్యండి."

ఎవరి మాట నమ్మి వేశాడో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. పర్సిస్ వైపు చూడకుండా ఉండటానికి హాలంతా నానా తంటాలు పడింది.

ఆ సాయంత్రం ఆమె కళ్లు తుడుచుకుని తండ్రి గదిలోకి వచ్చింది. "మీ బీపీ మాత్రలు ఆర్డర్ చేశాను డాడీ" అంది.

ఇంకెప్పుడైనా అయితే సరేనమ్మా అనేవాడు. ఇప్పుడు బల్ల మీది కళ్లజోడు తీసి పెట్టుకుని, ఫోన్ కోసం చెయ్యి చాపాడు.

"ఏదీ, చూపించు."