రెండో దశలో వంతెన

ఉదయం ఏడున్నరకు, మా అందరి కళ్లెదుట, నస్సోలో అనే మా పెద్దమ్మను సిమెంటు లారీ గుద్ది చంపేసింది. తలమీది గంపలోని ఉడికించిన అరటికాయలు నాలుగు వరుసల రోడ్డంతా చెదిరాయి. లారీ ఆగలేదు. ఆగకపోవడమే ఆ మార్గ ధర్మం. రాజధాని కంపాలా నుంచి సరిహద్దు దాకా సరుకు నిరాఘాటంగా ప్రవహించాలనీ, ప్రవహిస్తే ధరలు దిగివచ్చి దేశం సుభిక్షమవుతుందనీ ప్రారంభోత్సవ సభలో అమాత్యవర్యులు ఉపదేశించి ఉన్నారు. మానవమాత్రులు దాటేందుకు పటంలో ఒక వంతెన కూడా గీశారు. సిమెంటు ధర పెరిగినందువల్ల దాన్ని రెండో దశకు వాయిదా వేశారు.

పెట్రోలు ధర పెరిగి బస్సు చార్జీ రెట్టింపైనప్పటి నుంచి గోనెసంచుల ఫ్యాక్టరీకి మేం నడిచే వెళుతున్నాం. రోడ్డు దాటే విద్య నేర్పింది పెద్దమ్మే. నలభైమంది పోగయ్యేదాకా ఎవరూ అడుగు వేయకూడదు. ఆపైన అందరూ ఒకే గోడలా కదలాలి. ఒంటరి మనిషికి ఆగని లారీ గోడకు ఆగుతుంది. ఆనాడు ఫ్యాక్టరీ గేటు పది నిమిషాలు ముందే మూస్తామన్నారు. పెద్దమ్మ గంప సర్దుకుంటూ ఉండగానే మా గోడ దాటిపోయింది. అందులో నేనూ ఒక ఇటుకను.

ఆమె వంశపు సమాధుల తోట రోడ్డుకు ఆవల ఉంది. మావాళ్లు మనిషిని సొంత వంశపు నేలలోనే పడుకోబెడతారు. ఆచారం ప్రకారం చెట్టు బెరడు వస్త్రంలో చుట్టి పేటికలో పెట్టాక ఆమె వాకిట్లో వాదన మొదలైంది.

"వ్యాను మాట్లాడదాం. పదకొండు కిలోమీటర్లు పోతే పైవంతెన ఉంది."

"పెట్రోలు మీ అత్త పోయిస్తుందేంట్రా?"

మా యూనియన్ నాయకుడు ముకలాజి లేచాడు. "బతికుండగా ఒంటరిగా వదిలేశాం. చచ్చాక కూడా చుట్టూ తిప్పుదామా? ఆమె నేర్పినట్టే దాటిద్దాం."

"పోలీసులు ఊరుకుంటారా?"

"ఊరుకోరు. అందుకే నలభైమంది చాలరు."

మధ్యాహ్నానికి మూడు వందలమందిమి అయ్యాం. కాలేజీ పిల్లలూ వచ్చారు. ఒకురుత్ అనే ఆఫీసరు లాఠీల దండుతో ఎదురొచ్చి, రాజశాసనం చదివినంత గంభీరంగా చదివాడు. "ఈ రహదారి మీద పాదచారులకు ప్రవేశం నిషిద్ధం!"

కర్రపెండలం అమ్మే అవ్వ ముందుకొచ్చింది. "ఆవిడ నడవట్లేదు కద బాబూ, మేం మోస్తున్నాం. సరుకనుకో. సరుకునైతే పోనిస్తారుగా?"

ఎవరో నవ్వబోయి ఏడ్చేశారు. పేటిక రోడ్డెక్కింది.

రోడ్డు మొదటి వరుస దాటుతుండగానే, మోస్తున్న ఆరుగురినీ పోలీసులు ఈడ్చుకుపోయారు. వాళ్లలో ముకలాజి ఉన్నాడు. పేటిక నేలకు తగలలేదు, మరో ఆరుగురు భుజాలు పట్టారు. రెండో వరుసలో నా మెడ మీద లాఠీ పడింది. వెనకున్న కాలేజీ పిల్లతో, "ఎడమ కొస బరువుగా ఉంటుంది, చూసుకో అమ్మా," అన్నాను. "నేను పట్టుకున్నా, నువ్వు వదులు, అన్నా," అంది. వదిలాను. అంతకన్నా కష్టమైన పని నేనింతవరకు చేయలేదు.

నన్ను పడేసిన పోలీసు వ్యాను జాలీలోంచి చూశాను. అటూ ఇటూ కనుచూపుమేర లారీలు ఆగిపోయాయి. దేశ సుభిక్షం హారన్లు కొడుతోంది. పేటిక మూడో వరుసలో ఉంది. కాలేజీ పిల్లా కనబడలేదు, మా ఫ్యాక్టరీ మొహమూ ఒక్కటి లేదు. ముందు భుజం పట్టినవాడి చొక్కా నిండా సిమెంటు దుమ్ము. లారీ తలుపు తెరిచే వదిలేసి దిగొచ్చినట్టున్నాడు.

రోడ్డు దాటడానికి ఇంకొక్క వరుస మిగిలింది.