ఎడమచేతి ముద్ద

ఎడమచేత్తో తింటే మాత్రం ఏం, ఆకలికి ఏ చెయ్యయితేనేం, అయినా వీళ్లంతా అన్నం ముద్ద తింటున్న నావికుడున్న ఆ ఒక్క బొమ్మ దగ్గరే ఎందుకు గుమికూడారు, ఒంగోలు టౌన్‌హాల్లో పన్నెండు అచ్చుబొమ్మలు వేలాడుతుంటే, అన్నీ డెబ్బై ఒకటి యుద్ధంలో మా ఆయన సబ్‌మెరైన్‌లో కూర్చుని పెన్సిల్‌తో గీసుకొచ్చినవే, ఒకే పడక మీద వంతులవారీగా పడుకునే ఇద్దరు, చెమటకు బనియన్లు ఒంటికి అంటుకుపోయిన ఇంజన్ గది వాళ్లు, పైన శత్రువు ఓడ తిరుగుతుంటే ఊపిరి బిగబట్టిన ముఖాలు, గీసింది ఆయనే, కాదనను, కానీ అచ్చు వెయ్యడానికి వాటిని టేకు చెక్కల మీద ఉలితో చెక్కింది నేను, యుద్ధం నుంచి వచ్చాక ఆయన చేతికి వణుకు, ఉలి నిలవదు, రెబ్కా, నీ చెయ్యి కుదురు, నువ్వు పట్టు అన్నారు, రెండేళ్లు వంటింటి పీట మీదే, మిరపకాయల తొడిమలు తీసిన వేళ్లకు ఉలి గీసుకుపోతే రోజంతా మంట, సిరా రాసి, కాగితం పరిచి, గరిటె వెనక్కి తిప్పి రుద్దిందీ నేనే, ఆ ముఖాల ముడతలు తీస్తున్నంతసేపూ నేనూ ఊపిరి బిగబట్టాను, గోడ మీది అట్టలో మాత్రం చిత్రకారుడు యం. క్రీస్తుదాసు, అంతే, పోనీలే అనుకున్నాను, పోనీలే అనడం నాకు బి.ఏ.లో నేర్పలేదు, పెళ్లయ్యాక వచ్చింది.

ఆ గుంపులోంచి బుల్లయ్య మాస్టారి గొంతు, ఏమయ్యా క్రీస్తుదాసూ, మీ నేవీలో అందరూ ఎడమచేత్తోనే మింగుతారా, ఇదెక్కడి మర్యాదయ్యా, హాలంతా ఘొల్లుమంది, అది నా మొదటి చెక్క, బొమ్మను తిరగేసి దించుకోవాలని అప్పటికి తెలియదు, ఉన్నదున్నట్టు దించి చెక్కాను, అచ్చులో కుడి ఎడమై కూర్చుంది, ఇంకోటి చెక్కుతానండీ అని ఆ రోజే బతిమాలాను, ఎవడు చూస్తాడులే అన్నారు, ఇప్పుడు చూశారుగా, ఆయన ముఖం కందిపోయింది, చెయ్యి నా వైపు లేచింది, అబ్బే, అది నేను కాదండీ మాస్టారూ, మా ఆవిడ చెక్కిందండీ, మాస్టారు నన్ను చూసి, అదా సంగతి, అట్లకాడ తిప్పే చేతికి ఉలి ఇస్తే ఇంతేగా అమ్మాయ్ అన్నాడు, మళ్లీ నవ్వులు, ఆయనా నవ్వారు.

మిగతా పదకొండూ ఎవరు చెక్కారని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు, ఆయన మీద కోపం రావాలి, వస్తోంది కూడా, కానీ దానికంటే చేదుగా ఇంకొకటి, అది నా చేతిపని అని నలుగురిలో ఒప్పుకోవడానికి ఆయనకు ఒక తప్పు కావలసి వచ్చింది, పదకొండు చెక్కలు ఒక్క గీతా తప్పు పోకుండా చెక్కి, నన్ను నేనే చెరిపేసుకున్నాను.